అన్నయ్యతో ఫారిన్ మ్యూజియాల్లో...

మన సినిమాల్లో ఫారిన్ మ్యూజియం అంటే ఏమిటి? హీరో హీరోయిన్ల వెనకాల నిలబడే గోడ! పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం ముందున్న గాజు పిరమిడ్ దగ్గర ఒక పల్లవి, లండన్‌లో థేమ్స్ ఒడ్డున ఒక చరణం... గాలికి హీరోయిన్ కొంగు ఎగిరిందా, షాట్ ఓకే అయిందా, పేకప్! ఆ పిరమిడ్ కింద ఏముందో, ఆ గోడల లోపల ఏముందో యూనిట్‌లో ఎంతమంది చూసొచ్చారో దేవుడికెరుక.

సినిమా పత్రికలకి రాసుకు బతికే నేను కూడా 2023 దాకా ఆ పిరమిడ్‌ని పాటల్లోనే చూశాను. ఆ ఏడాది వేసవిలో నిజంగా లోపలికి వెళ్ళాను. మా అన్నయ్య నాతో వచ్చాడు. కాదు, కాదు... నేనే అన్నయ్యతో వెళ్ళాను. ఈ రెండు మాటలకీ తేడా ఏమిటో చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ!

మాది తెనాలి. అన్నయ్య నాకంటే ఆరేళ్ళు పెద్ద. రెండో ఏట జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ కాళ్ళలో బలం తిరిగి రాలేదు. పోలియో! పల్స్ పోలియో అని ఇంటింటికీ తిరిగి చుక్కలు వెయ్యడం 1995లో కదా మొదలైంది. అన్నయ్యకి ఆ చుక్కలు అందలేదు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బయటపడింది. 2014 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ప్రాంతంలో పోలియో లేదని సర్టిఫికెట్ ఇచ్చింది. ఆ రోజు పేపరు చదివి అన్నయ్య, "పోన్లేరా, ఆ సినిమా మా బ్యాచ్‌తో ఎత్తేశారు" అన్నాడు. అన్నయ్య మాటలు అలాగే వుంటాయి. జాలిపడే అవకాశం ఎవరికీ ఇవ్వడు.

అన్నయ్యకి సినిమా అంటే ప్రాణం. ఇంట్లో ట్రంకు పెట్టె నిండా పాటల పుస్తకాలే! మేం వెళ్ళే థియేటర్లో బాల్కనీ మేడ మీద వుండేది. నాన్న భుజాన ఎక్కించుకు మోసినన్నాళ్ళు అన్నయ్య బాల్కనీలోనే చూశాడు. బరువు పెరిగాక అది కుదర్లేదు. ఇంక నేల టిక్కెట్టే గతి. తెర కింద కూర్చుని మెడ పైకెత్తి మూడు గంటలు చూడాలి. "హీరోలందర్నీ గెడ్డం కింద నుంచి చూసిన ప్రేక్షకుణ్ణి నేను" అని ఇప్పటికీ నవ్విస్తాడు. నన్ను మాత్రం బాల్కనీకి పంపేవాడు. "అక్కణ్ణించి ఎలా కనిపిస్తుందో నువ్వు చూసొచ్చి చెప్పు" అనేవాడు.

అన్నయ్య ఎనిమిదో తరగతిలో వుండగా బడి వాళ్ళు అమరావతికి ఎక్స్‌కర్షన్ వేశారు. తెనాలి నుంచి అరవై కిలోమీటర్ల లోపే. బస్సెక్కించేదెవరు, దింపేదెవరు అని అన్నయ్య పేరు రాసుకోలేదు. ఆ రోజంతా అన్నయ్య వీధి అరుగు మీద కూర్చుని పాత రేడియో విప్పి మళ్ళీ బిగించాడట. కొన్నేళ్ళకి నా వంతు వచ్చింది. నేను బస్సెక్కబోతుంటే మళ్ళీ అదే మాట: "నువ్వు చూసొచ్చి చెప్పు!"

చెప్పాను. ఆ రోజు నుంచి ఎక్కడికి వెళ్ళినా అన్నయ్యకి చెప్పడం కోసమే కళ్ళు పెట్టి చూశాను. గోడ రంగేమిటి, ద్వారం ఎంత ఎత్తు, గైడు ఏమన్నాడు... ఒక్క వివరం తప్పినా వూరుకునేవాడు కాదు. డిగ్రీ పూర్తయ్యాక పత్రికలకి రాయడం నాకెవరూ నేర్పలేదు. నా మొదటి పాఠకుడూ, మొదటి ఎడిటరూ కూడా అన్నయ్యే.

ఇప్పుడు అన్నయ్యకి మా ఇంటి ముందు గదిలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపుంది. వెనక రెండు సైడు చక్రాలు బిగించిన స్కూటర్ వుంది. దాని మీద వూరంతా తిరుగుతాడు. తిరుగుతాడు గానీ ఎక్కడికి వెళ్ళినా గుమ్మం దగ్గర ఆగి హారన్ కొట్టాలి. లోపల్నించి ఎవరో ఒకరు రావాలి. బ్యాంకు మెట్లు, ఆస్పత్రి మెట్లు, గుడి మెట్లు, పెళ్ళి పందిరి మెట్లు! చిన్నప్పుడు 'అవిటివాడు' అన్నారు. తర్వాత 'వికలాంగుడు' అన్నారు. ఇప్పుడు 'దివ్యాంగుడు' అంటున్నారు. "పేరు మూడుసార్లు మార్చార్రా. మెట్లు మాత్రం ఒక్కసారి కూడా మార్చలేదు" అంటాడు అన్నయ్య.

అమ్మ భయం

మా చెల్లాయి లండన్‌లో నర్సు. "ఇద్దరూ రండి, ఒక నెల వుండి వెళ్ళండి" అని పట్టుబట్టింది. అమ్మ ససేమిరా అంది. "వున్న వూళ్ళో బజారుకి తీసుకెళ్ళడానికే మనిషి కావాలి. వాణ్ణి సముద్రాలు దాటిస్తారా? అక్కడ ఎవరు ఎత్తుకుంటారు?" అని ఏడుపు.

అమ్మని ఒప్పించింది చివరికి సినిమానే! 2016లో వచ్చిన 'ఊపిరి' మీకు గుర్తుందా? 2011 నాటి ఫ్రెంచి సినిమా 'ది ఇన్‌టచబుల్స్' ఆధారంగా తీశారు. చక్రాల కుర్చీలో నాగార్జున, ఆయన బాగోగులు చూసుకునేందుకు వచ్చిన కుర్రాడిగా కార్తి. కథ పారిస్ దాకా వెళుతుంది. అమ్మకి ఆ సినిమా చాలా ఇష్టం. "నాగార్జున వెళ్ళలేదా?" అన్నాన్నేను. "ఆయన కోటీశ్వరుడు నాయనా" అంది అమ్మ. పక్కనుంచి అన్నయ్య అందుకున్నాడు: "ఆయనకీ నాకూ ఒక్కటే తేడా అమ్మా. ఆయనకి కోట్లున్నాయి, చక్రాలున్నాయి. నాకు చక్రాలు మాత్రమే వున్నాయి. సగం వచ్చినట్టే కదా!" అమ్మ నవ్వేసింది. నవ్విందంటే ఒప్పుకున్నట్టే.

సామాన్లు సర్దేటప్పుడు అన్నయ్య సదరం సర్టిఫికెట్ నాలుగు జిరాక్సులు తీయించి ఫైల్లో పెట్టాను. మన దగ్గర బస్సు పాసుకైనా, పెన్షనుకైనా అది లేందే పని కాదు కదా!

ఖాళీ అయిన చేతులు

లండన్‌లో మొదటి ఆశ్చర్యం బస్సు. డ్రైవరు బటన్ నొక్కగానే మధ్య తలుపు కింద నుంచి ఒక పలక నాలికలా బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద ఆనింది. అన్నయ్య తన చేతులతో చక్రాలు తిప్పుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. అక్కడ బస్సులో చక్రాల కుర్చీ వాళ్ళకి టిక్కెట్టు లేదు. కుర్చీని వెనక్కి తిప్పి నిలపాలి, అదొక్కటే షరతు. "అందరూ వచ్చే లండన్ చూస్తున్నారు. నేను వెళ్ళిపోయే లండన్ చూస్తున్నాను" అన్నాడు అన్నయ్య.

రెండో రోజు బ్రిటిష్ మ్యూజియం. 1759లో జనానికి తలుపులు తెరిచిన మ్యూజియం అది. ఇప్పటికీ ప్రవేశానికి టిక్కెట్టు లేదు. ముందు భాగంలో రాజుల సినిమా సెట్టింగులా పెద్ద పెద్ద స్తంభాలు, వాటి ముందు మెట్లు! ఆ మెట్లు చూడగానే నా కళ్ళు అలవాటు కొద్దీ ఇద్దరు దిట్టమైన మనుషుల కోసం వెతికాయి. కుర్చీకి అటొకరు, ఇటొకరు పట్టాలి, వెనక నేను పట్టాలి... ఇంతలో అన్నయ్య మెట్ల పక్కనున్న లిఫ్టు చూశాడు. బటన్ నొక్కాడు, ఎక్కాడు. నేను మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి నాకోసం ఎదురుచూస్తున్నాడు.

"ఎంతసేపురా?" అన్నాడు.

ఆ మాట అన్నయ్య నాతో అనడం అదే మొదలు.

లోపల పెద్ద హాలు. 2000లో దాని మీద గాజు కప్పు వేశారు. తెల్లటి వెలుతురు, నున్నటి నేల. నేను కుర్చీ పిడులు పట్టుకోబోతే, "వదులు" అన్నాడు. వదిలాను. ఇరవై ఏళ్ళుగా అన్నయ్యతో బయటికెళితే నా రెండు చేతులూ ఆ పిడుల మీదే వుండేవి. అవి ఖాళీ అయ్యేసరికి వాటినేం చెయ్యాలో నాకు తోచలేదు. జేబుల్లో పెట్టుకున్నాను, తీశాను, మళ్ళీ పెట్టుకున్నాను. మన సినిమాల్లో కొత్త హీరోకి డైలాగు లేని షాట్‌లో వుండే అవస్థే అది!

సదరం సర్టిఫికెట్ అడిగిన వాళ్ళెవరూ లేరు. ఆ ఫైలు నా చంకలోనే వుంది.

ఈజిప్టు శిల్పాల హాల్లో ఒకావిడ కనిపించింది. నడివయసు, చేతిలో తెల్లకర్ర. ఒక నల్లరాతి శిల్పాన్ని రెండు చేతులతో తడుముతోంది. 'ముట్టుకోరాదు' అనే బోర్డులు వుండే చోట ఇదేమిటని చూస్తే, చూపు లేనివాళ్ళ కోసం ఆ హాల్లో కొన్ని శిల్పాలని ముట్టుకోనిస్తారట. ఆమె వేళ్ళు రాతి భుజం మీదుగా మెడకీ, మెడ మీదుగా గెడ్డానికీ నెమ్మదిగా నడిచాయి. పెదవుల దగ్గరికి రాగానే ఆవిడ నవ్వింది. నాకు విశ్వనాథ్ గారి 'సిరివెన్నెల' గుర్తొచ్చింది. 1986 నాటి ఆ సినిమాలో చూపు లేని వేణుగాన విద్వాంసుడూ, మాట రాని చిత్రకారిణీ... "ఆవిడ మనకంటే ఎక్కువ చూసిందిరా" అన్నాడు అన్నయ్య.

అదే హాల్లో రొసెట్టా శిల వుంది. 1799లో ఈజిప్టులో దొరికిన రాయి. ఒకే శాసనాన్ని మూడు లిపుల్లో చెక్కారు. చచ్చిపోయిన ఈజిప్టు లిపిని తిరిగి చదవగలిగింది దాని పుణ్యమే. చుట్టూ జనం మూగి వున్నారు. నేను దూరి, చూసి, వెనక్కి తిరిగేసరికి... అన్నయ్య లేడు!

"తప్పిపోలేదురా!"

నలభై నిమిషాలు వెతికాను. అక్కడి సిమ్ము నా ఫోన్లో ఒక్కదాన్లోనే వుంది. అన్నయ్యకి ఇంగ్లీషు చదవడం వచ్చు గానీ మాట్లాడ్డం అంతంతమాత్రం. అమ్మ మొహం కళ్ళ ముందు తిరిగింది. చివరికి ఒక గార్డుని పట్టుకుని, మా అన్నయ్య కనబడ్డం లేదు, నీలం చొక్కా, చక్రాల కుర్చీ అని గబగబా చెప్పాను.

"వయసెంత?" అన్నాడతను.

"41."

అతను కాసేపు నా మొహంలోకి చూసి, చాలా మర్యాదగా, "అయితే ఏదో చూస్తూ వుంటారు లెండి" అన్నాడు.

ఆ మాట నాకు అక్కడే నాటుకుపోయింది. 41 ఏళ్ళ మనిషి మ్యూజియంలో కనబడకపోతే ఏదో చూస్తూ వుంటాడు. అంతే కదా! అందులో వింతేముంది?

అన్నయ్య నిజంగానే చూస్తున్నాడు. మ్యాపు చూసుకుని, లిఫ్టు పట్టుకుని, చైనా, దక్షిణాసియా వస్తువులున్న పొడుగాటి హాలుకి వెళ్ళాడు. ఆ హాలు చివర ఒక అద్దం గోడ వుంది. దాని పక్కనే కుర్చీ ఆపి, లోపల పేర్చిన తెల్లని రాళ్ళ వంక చూస్తున్నాడు. నేను రొప్పుతూ వెళ్ళాను.

"ఎక్కడ తప్పిపోయావు అన్నయ్యా?"

అన్నయ్య తల తిప్పకుండానే అన్నాడు: "తప్పిపోలేదురా. వెళ్ళాను."

ఆ అద్దం అవతల వున్నది అమరావతి!

మన గుంటూరు సీమలోని అమరావతి స్తూపం తాలూకు శిల్పాలు. మెకంజీ దొర 1797లో ఆ దిబ్బని మొదటిసారి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ దొర తవ్వించి రాళ్ళని మద్రాసు చేర్చాడు. 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. 1880 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో వున్నాయి. మొత్తం 120కి పైచిలుకు. ఇంగ్లీషు వాళ్ళు 'అమరావతి మార్బుల్స్' అని పిలిచినా అవి చలవరాళ్ళు కావు, మన పలనాటి సున్నపురాయి. ఇంకా పెద్ద వాటా మద్రాసు ఎగ్మోర్ మ్యూజియంలో వుంది.

ఇవన్నీ నేను తర్వాత చదివి తెలుసుకున్నవి కావు. అన్నయ్య చెప్పినవి! నేను వెతుకుతున్న ఆ నలభై నిమిషాల్లో అక్కడున్న రాతలన్నీ చదివేశాడు. మిగతావి బయల్దేరే ముందే షాపులో కూర్చుని ఫోన్లో చదివి పెట్టుకున్నాడు. ఒక రాయిని రెండు కాలాల్లో రెండు వైపులా చెక్కారని చెప్పాడు. ఒకవైపు క్రీస్తుకి ముందు, రెండోవైపు ఇంచుమించు మూడు వందల ఏళ్ళ తర్వాత. తొలి రోజుల్లో బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కేవారు కాదట. ఖాళీ సింహాసనం, బోధి వృక్షం, లేదా పాదాల గుర్తులు. అమరావతి నుంచి వచ్చిన వాటిలో పాదాలు చెక్కిన పలక కూడా ఒకటుంది.

"చూశావా? మనిషి లేడు. పాదాలే వున్నాయి. నేను రివర్సు. మనిషి వున్నాడు, పాదాల్లేవు!" అని పకపకా నవ్వాడు. పక్కనున్న తెల్లవాళ్ళకి విషయం అర్థం కాకపోయినా వాళ్ళూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. గొంతు పట్టేసింది.

అరవై కిలోమీటర్ల దూరంలో వున్న వూరు. బస్సెక్కించే మనిషి లేక చూడలేకపోయిన వూరు. దాని రాళ్ళని ఏడు సముద్రాల అవతల, ఎవరి సాయం లేకుండా, మొట్టమొదటిసారి తన కళ్ళతో చూశాడు మా అన్నయ్య.

"దొరలు పట్టుకుపోయారని కోపంగా లేదూ?" అనడిగాను.

"ఎందుకు లేదు? రాళ్ళు ఎత్తుకొచ్చిన వాళ్ళ మీద కోపంగానే వుంది. లిఫ్టు పెట్టిన వాళ్ళని చూస్తే దణ్ణం పెట్టాలనిపిస్తోంది. ఇద్దరూ ఒకళ్ళే అయితే నేనేం చేసేదిరా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర వుంటే చెప్పండి!

మేఘం దిగిన నారదుడు

లండన్ నుంచి పారిస్‌కి సముద్రం కిందుగా రైలు, రెండుంపావు గంటల ప్రయాణం. లూవ్ర్‌లో చక్రాల కుర్చీ మనిషికీ, తోడొచ్చిన ఒకరికీ ప్రవేశం ఉచితం. ఇక్కడ మాత్రం ఋజువు వుండాలన్నారని విని ఫైలు మళ్ళీ చంకన పెట్టుకున్నాను. అంత దూరం మోసినందుకు దానికీ ఒక వేషం దొరికింది!

పాటల్లో చూసే ఆ గాజు పిరమిడ్ 1989లో ప్రజలకి తెరిచారు. లోపల మెట్లు మెలికలు తిరుగుతూ కిందికి దిగుతాయి. ఆ మెలిక నడిమధ్యలో గుండ్రటి స్తంభంలాంటి లిఫ్టు. దానికి పైకప్పు లేదు! అన్నయ్య దాని మీదకి ఎక్కాడు. అది నిశ్శబ్దంగా కిందికి దిగడం మొదలెట్టింది. చుట్టూ మెట్ల మీద వందల మంది, మధ్యలో అన్నయ్య ఒక్కడే! పౌరాణిక చిత్రాల్లో మేఘం మీద నారదుడు దిగినట్టే వుంది. నేను మెట్ల మీంచి చూస్తూంటే అన్నయ్య నాకేసి తిరిగి, చిడతలు వాయిస్తున్నట్టు అభినయించాడు.

మోనాలిసా గదిలో మాత్రం ఇంకో సంగతి జరిగింది. ఆ బొమ్మ 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు, అంతే! దాని ముందు జనం మాత్రం కొత్త సినిమాకి మొదటి రోజు బుకింగ్ దగ్గర వున్నట్టున్నారు. అందరి చేతులూ పైకి, చేతుల్లో ఫోన్లు. కుర్చీలో వున్న మనిషికి కనిపించేది ముందువాళ్ళ నడుములు మాత్రమే. ఇంతలో అక్కడి ఉద్యోగిని ఒకావిడ అన్నయ్యని చూసి, అడ్డంగా వున్న పట్టీ తీసి, అందరికంటే ముందుకి పంపింది. జనం వెనక, అన్నయ్య ముందు. ఎదురుగా మోనాలిసా!

నేనైతే పొంగిపోయాను. జీవితంలో మొదటిసారి అన్నయ్యకి వీఐపీ పాసు దొరికింది కదా! అన్నయ్య రెండు నిమిషాలు చూసి, ఆవిడకి నమస్కారం పెట్టి వచ్చేశాడు.

"అంత తొందరగా వచ్చేశావేం?"

"వీపు మండుతోందిరా. వెనక వందమంది నన్నే చూస్తున్నట్టుంది. అందరికంటే ముందు అక్కర్లేదు. అందరితో పాటు వుంటే చాలు."

ఆ రాత్రి హోటల్లో పడుకుని చాలాసేపు ఆ మాటే అనుకున్నాను. మనవాళ్ళు తోసుకుని అన్నయ్యని వెనక్కి నెడతారు. లేకపోతే దణ్ణం పెట్టి, 'పాపం' అని అందరికంటే ముందుకి నెడతారు. పక్కన చోటు మాత్రం ఇవ్వరు. అమరావతి రాళ్ళ ముందు అన్నయ్య గంటసేపు కూర్చున్నాడంటే కారణం అదే. అక్కడ ఎవరూ తనని నెట్టలేదు, ఎవరూ తనని చూడలేదు. అన్నయ్యే చూశాడు.

అలాగని ఫారిన్ అంతా స్వర్గం అనుకోకండి. లండన్ భూగర్భ రైలు 1863 నాటిది. 272 స్టేషన్లలో మెట్లు లేకుండా వెళ్ళగలిగేవి మూడో వంతు మాత్రమే. పారిస్ మెట్రోలో మొత్తం అన్ని స్టేషన్లలోనూ కుర్చీతో తిరగగలిగే లైను 14వ నంబరు ఒక్కటే. ఒక పాత ఇంటిని మ్యూజియంగా మార్చిన చోట ఇరుకు మెట్లు చూసి వెనక్కొచ్చాం. ఆ రోజు అన్నయ్య గుమ్మం బయట కూర్చుని, "హమ్మయ్య, తెనాలి గుర్తొచ్చింది!" అన్నాడు.

ఒకేసారి మొదలైన రెండు సినిమాలు

చట్టాల మాట కూడా చెప్పుకోవాలి. వికలాంగుల పట్ల వివక్ష చూపకూడదని బ్రిటన్ వాళ్ళు చట్టం చేసింది 1995లో. మన దేశంలో వికలాంగుల చట్టం ఏ ఏడాదిది? అదీ 1995దే! తర్వాత వాళ్ళు 2010లో సమానత్వ చట్టం చేశారు, మనం 2016లో హక్కుల చట్టం చేశాం. రెండు సినిమాలూ ఒకే రోజు కొబ్బరికాయ కొట్టుకున్నట్టే. అక్కడ రీళ్ళు తిరిగాయి. ఇక్కడ చాలా డబ్బాలు ఇంకా మూత తియ్యలేదు.

అసలేమీ జరగలేదనను. 2015 డిసెంబరులో 'సుగమ్య భారత్' మొదలైంది. అదే ఏడాది ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో చూపు లేనివాళ్ళు ముట్టుకుని చూసే 'అనుభవ్' అనే గ్యాలరీ పెట్టారు. సినిమాల విషయానికొస్తే, వినికిడి, చూపు సమస్యలున్నవాళ్ళు థియేటర్లో సినిమాని ఆస్వాదించేందుకు ఏం చెయ్యాలో కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. వెండితెర మీద కుంటివాణ్ణి, చెవిటివాణ్ణి నవ్వులాటకి వాడుకోవడం గురించి సుప్రీం కోర్టు 2024 జులైలో గట్టిగానే మాట్లాడింది. 1985లో 'మయూరి' తీసిన పరిశ్రమ మనది. కాలు పోగొట్టుకుని, జైపూర్ కాలుతో మళ్ళీ నాట్యం చేసిన సుధాచంద్రన్ తన కథలో తనే నటించింది. ఆ సినిమాకి చప్పట్లు కొట్టిన మనకి, థియేటర్లో ఒక వాలు బల్ల వెయ్యడం కష్టమా?

ఇప్పుడు మల్టీప్లెక్సులు వచ్చాయి. లిఫ్టులున్నాయి, సంతోషం! అయితే అన్నయ్యకి చాలాచోట్ల దొరికేది తెర కింద మొదటి వరుసే. మిగతా వరుసలన్నీ మెట్ల మీద కదా! నేల టిక్కెట్టు పోయింది, ఆ మెడనొప్పి మాత్రం పోలేదు. హాలు కట్టేటప్పుడే మధ్య వరుసల్లో రెండు కుర్చీల చోటు ఖాళీగా వదిలి, అక్కడిదాకా వాలు దారి వేస్తే చాలు. హాలు యజమానులెవరైనా ఇది చదువుతుంటే, అయ్యా, మా అన్నయ్య టిక్కెట్టు డబ్బులు ఇచ్చే వస్తాడు!

పారిస్ నుంచి అమ్మకి వీడియో కాల్ చేశాం. ఎప్పుడూ ఇలాంటప్పుడు మాట్లాడేది నేనే. ఆ రోజు ఫోను అన్నయ్య చేతిలో వుంది. గాజు పిరమిడ్ ఎలా వుందో, లిఫ్టు ఎలా దిగిందో, అమరావతి పలకల మీద ఏనుగులు, గుర్రాలు, పూలదండలు మోసే మనుషులు ఎలా వున్నారో అన్నీ చెబుతున్నాడు. చెయ్యి ఇంత ఎత్తుకి లేపి చూపిస్తున్నాడు. నేను రెండుసార్లు మధ్యలో అందుకోబోతే, "నువ్వుండు" అంది అమ్మ. "వాణ్ణి చెప్పనీ."

నేను పక్కన కూర్చుని విన్నాను. నేను గమనించని వివరాలు చాలా వున్నాయి అన్నయ్య కథలో. కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తు వేరు. పలకల అడుగు వరసలో చెక్కిన చిన్న చిన్న బొమ్మల్ని నేను చూడనే లేదు. నిలబడి చూసేవాళ్ళకి అవి కాళ్ళ దగ్గర వుంటాయి. అన్నయ్యకి అవే ఎదురుగా వున్నాయి.

తిరిగొచ్చాక షాపులో గోడ మీద బ్రిటిష్ మ్యూజియం మ్యాపు అతికించాడు. రిపేరుకి వచ్చినవాళ్ళందరికీ దాని మీద వేలు పెట్టి దారి చెబుతాడు. "ఇక్కడ లిఫ్టెక్కాలి, ఇటు తిరగాలి..." తెనాలిలో మా వీధి వాళ్ళకి బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి గదికి దారి కంఠతా వచ్చేసింది.

మొన్న ఒక ఆదివారం పొద్దున్నే స్కూటరు తుడుస్తున్నాడు. ఎక్కడికన్నయ్యా అన్నాను. అమరావతికన్నాడు. కృష్ణ ఒడ్డు, స్తూపం వున్న చోటు, మ్యూజియం అన్నీ చూడాలట. మెట్లుంటే ఏం చేస్తావంటే, "వుంటే అక్కడే కూర్చుని, ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టి, నీకు చెప్తాను, పేపర్లో రాద్దువుగాని" అన్నాడు.

నేను గబగబా చొక్కా తొడుక్కుని బయటికొచ్చాను. అన్నయ్య అప్పటికే స్కూటరు స్టార్టు చేశాడు.

"నువ్వు రావద్దురా," అన్నాడు. "నేను చూసొచ్చి చెప్తాను."